హవాసాలో చవక హోటల్లో కుటుంబంతో మూడు వారాలు: గది ఎలా చూసుకోవాలి

ఇథియోపియాలోని హవాసా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరబోతున్నానని, అద్దె ఇల్లు కుదిరేదాకా భార్య, ఐదేళ్ల పాపతో మూడు వారాలు తక్కువ ఖర్చు హోటల్లో ఉండాల్సి వస్తుందని, ముగ్గురూ శాకాహారులేనని రాశారు. ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసి మూడు వారాలకూ ముందే డబ్బు కట్టెయ్యవచ్చా అని అడిగారు. ఇథియోపియాలో చాలాకాలం పాఠాలు చెప్పినవాడిగా, సెలవులు వచ్చినప్పుడల్లా అక్కడి ఊళ్లు తిరుగుతూ ఇలాంటి హోటళ్లలోనే దిగినవాడిగా చెబుతున్నాను: కుటుంబంతో నిక్షేపంగా ఉండవచ్చు. డబ్బు మాత్రం ముందే కట్టకండి.

అక్కడి చవక హోటళ్లలో మంచీ చెడూ హోటల్‌ను బట్టి కాదు, గదిని బట్టి ఉంటాయి. ఒకే వరండాలో పక్కపక్కనే ఉన్న రెండు గదుల్లో ఒకదానికి వేడినీళ్లు వస్తాయి, రెండోదానికి చన్నీళ్లే సరిగా రావు. ఒకటి పెరటి చెట్ల వైపు ఉంటుంది, ఇంకొకటి బారు స్పీకరుకు ఆనుకుని ఉంటుంది. ఫోటోలో ఇవేవీ కనిపించవు. అందుకని మొదటి రెండు రాత్రులకే ఒక గది ఖాయం చేసుకోండి. సామాను దించాక, మర్నాడు పొద్దున తీరిగ్గా నాలుగైదు చోట్లు తిరిగి, కళ్లతో చూసి మిగతా రోజులకు కుదుర్చుకోండి. గది చూపించమని అడిగితే అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. తాళం చేతికిచ్చి, పైకి వెళ్లి చూసి రమ్మంటారు.

బోర్డు మీద హోటల్ అని ఉన్నా, పెన్షన్ అని ఉన్నా భయపడకండి. పెన్షన్ అంటే సాధారణంగా బారు, భోజనశాల లేని బస. కుటుంబానికి చాలాసార్లు అదే మేలు, రాత్రిళ్లు నిశ్శబ్దంగా ఉంటుంది. హోటల్ అన్నచోట కింద భోజనశాల, బారు, మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు ఉంటాయి. కొన్నిచోట్ల ముఖద్వారం పక్కనే మాంసం దుకాణం ఉండి, తొడలకు తొడలు వేలాడుతూ కనిపిస్తాయి. శాకాహారులకు మొదట ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి మీ ఆవిడకు ముందే చెప్పి ఉంచండి. మంచం పక్క బల్ల మీద కండోమ్ ప్యాకెట్ కనిపిస్తే అది చెడ్డ హోటలని అనుకోకండి. ఎయిడ్స్ నివారణ ప్రచారం నుంచి వచ్చిన అలవాటు అది, మర్యాదైన చోట్లా పెడతారు. కౌంటరు దగ్గర గంటల లెక్కన అద్దె చెబుతుంటే మాత్రం అది కుటుంబానికి తగిన చోటు కాదు, వెనక్కి వచ్చేయండి.

ఇక గదిలోకి వెళ్లాక ఏం చూడాలో చెబుతాను. ముందు కుళాయి తిప్పండి. నీళ్లు వచ్చాయి కదా అని కట్టేయకుండా కాసేపు వదలండి, ధార సన్నబడుతుందేమో తెలుస్తుంది. తర్వాత మిద్దె మీద నల్లటి పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు ఉందో లేదో చూడండి, దాన్ని అక్కడ రోటో అంటారు. ఊరి నీళ్లు రెండు మూడు రోజులు రాకపోవడం మామూలే. ట్యాంకు ఉన్న హోటల్లో మీకు ఆ సంగతే తెలియదు, లేని హోటల్లో పసుపుపచ్చ డబ్బాతో నీళ్లు తెచ్చి గుమ్మం దగ్గర పెడతారు. స్నానాల గదిలో షవరు తలకే బిగించిన చిన్న కరెంటు హీటరు ఉంటే స్విచ్చి వేసి చూడండి. గదిలో బల్బు బాగా మసకబారితే ఆ వైరింగ్ బరువు మోయలేదని అర్థం. ఆ హీటర్లకు ఎర్తు సరిగా లేక లోహపు కుళాయి ముట్టుకుంటే చురుక్కున షాకు కొట్టే చోట్లు ఉన్నాయి. నీళ్లు ముందుగా బకెట్లో పట్టుకుని, స్విచ్చి ఆపి, ఆ తర్వాతే పాపకు స్నానం చేయించండి. ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి.

తర్వాత పరుపు. దుప్పటి తీసి, పరుపు మూల పైకెత్తి, కుట్ల వెంట చూడండి. నల్లటి చుక్కల్లా మచ్చలుంటే నల్లులు ఉన్నట్టే, ఇంకో గది అడగండి. పైన దోమతెర కట్టడానికి కొక్కెం ఉందో లేదో చూడండి. హవాసా సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తులో, సరస్సు ఒడ్డున ఉంది. ఇథియోపియాలో 2,000 మీటర్ల లోపు ప్రాంతాలను మలేరియా ఉండగల ప్రాంతాలుగానే లెక్కిస్తారు. ఎత్తులో ఉన్న అడిస్ అబాబాలో ఆ బెంగ లేదు, హవాసాలో ఉంది. తెరను అక్కడ అగోబెర్ అంటారు, అడిగితే తెచ్చి కడతారు. చిరుగుల్లేనిది మీ వెంట ఒకటి తీసుకెళ్తే ఇంకా మంచిది. సరస్సుకు మరీ దగ్గరి గదులు పగలు అందంగా ఉంటాయి కానీ సాయంత్రం దోమలు ముసురుతాయి. పాప ఉంది కాబట్టి రెండు వీధులు లోపలికి ఉండండి.

తాగేనీళ్ల గురించి కొంచెం వివరంగా రాయాలి, మనవాళ్లు చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. హవాసా ఉన్నది భూమి పొర చీలి ఏర్పడిన రిఫ్ట్ లోయలో. అగ్నిపర్వత శిలల వల్ల ఆ లోయలో చాలాచోట్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. లోయలోని ఎన్నో బోర్లు ఆ హద్దును దాటతాయి. నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు, ఆ పద్ధతిని రిఫ్ట్ లోయ పల్లెల్లోనూ ప్రయత్నించారు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, పైగా నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఐదేళ్ల పిల్లకు శాశ్వత దంతాలు లోపల తయారవుతున్న వయసు. మూడు వారాల్లో మునిగిపోయేదేమీ లేదు, కానీ మీరు ఏళ్ల తరబడి ఉండబోతున్నారు కాబట్టి మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. తాగడానికి, పాప పాలలో కలపడానికి మూత సీలు ఊడని సీసా నీళ్లే వాడండి. దుకాణంలో హైలాండ్ అంటే ఏ కంపెనీదైనా సీసా నీళ్లని అర్థం చేసుకుని ఇస్తారు. అద్దె ఇల్లు చూసేటప్పుడు కూడా ఆ ఇంటి నీళ్లు ఊరి సరఫరావా, సొంత బోరువా అని తప్పకుండా అడగండి. సరస్సు నీళ్లలో పాపను ఆడనివ్వకండి. నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా అనే జబ్బు ఉంది, నీటి గుర్రాలూ ఉన్నాయి. ఒడ్డున నడక మాత్రం ఎంతో హాయి.

కరెంటు మన దగ్గరలాగే 220 వోల్టులు. రెండు గుండ్రటి పుల్లల ఫోను ఛార్జర్లు నేరుగా పడతాయి, మన మూడు పుల్లల ప్లగ్గులు పట్టవు. రెండు మూడు అడాప్టర్లు ఇక్కడే కొనుక్కోండి. కరెంటు పోవడం నిత్యకృత్యం, హెచ్చుతగ్గులూ ఎక్కువే. ల్యాప్‌టాప్ కోసం సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకోండి. జెనరేటరు ఉందా అని అడగడం కన్నా, అది గదులకు కూడా ఇస్తుందా, వంటగదికి, బారుకేనా అని అడగండి. చాలాచోట్ల రెండోదే.

మనవాళ్లు రైస్ కుక్కరో, ఇండక్షన్ పొయ్యో సూట్‌కేసులో పెట్టుకుని గదిలో గుట్టుగా వండుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ వైర్లు అంత భారం మోయవు, ఫ్యూజు పోతే వరండా అంతా చీకటి, పేరు మనది. దానికన్నా యజమానురాలిని నేరుగా అడగండి. ఇలాంటి హోటళ్లు చాలావరకు ఆడవాళ్ల చేతి మీదే నడుస్తాయి. చిన్నపిల్ల ఉందని, రోజూ కాస్త అన్నం, పప్పు ఉడికించుకుంటామని చెబితే వంటగదిలో ఓ మూల పొయ్యి ఇవ్వడం నేను చాలాచోట్ల చూశాను. బొగ్గు ఖర్చో, గ్యాస్ ఖర్చో అడగకముందే చేతిలో పెట్టండి. బియ్యం, ఎర్ర కందిపప్పు, అంటే మనం మైసూరు పప్పు అనేది, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, పసుపు, టమాటా అన్నీ హవాసా బజారులో దొరుకుతాయి. పెరుగు ఎర్గో పేరుతో దొరుకుతుంది. మామూలు కందిపప్పు, చింతపండు, కరివేపాకు, ఇంగువ మాత్రం మీరే తీసుకెళ్లాలి. ఊరగాయ సరేసరి.

శాకాహారులకు ఇథియోపియా అనుకున్నదానికన్నా ఎంతో అనుకూలమైన దేశం. ఆర్థడాక్స్ క్రైస్తవులు ప్రతి బుధవారం, శుక్రవారం ఉపవాసం పాటిస్తారు. ఈస్టరు ముందు 55 రోజులు వరుసగా పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న ముట్టరు. అందుకే ఏ చిన్న హోటల్లోనైనా బెయాయ్‌నెతు పెడతారు: ఇంజెరా అనే వెడల్పాటి పులిసిన అట్టు మీద ఎర్రపప్పు, పచ్చబఠానీ పప్పు, ఆకుకూర, క్యాబేజీ, బీట్‌రూట్ కుప్పలు కుప్పలుగా. మిగతా రోజుల్లో శెనగల పిండితో చేసే షిరో ఎప్పుడూ ఉంటుంది. మట్టి మూకుడులో కుతకుతలాడుతూ వస్తుంది, పాపకు చల్లార్చి పెట్టండి, బెర్బెరె కారం తగ్గించమనండి. అడిగేటప్పుడు శాకాహారం అనే మాట కన్నా యెత్సోమ్, అంటే ఉపవాస భోజనం, అంటే సూటిగా అర్థమవుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. షిరోలోనే బోజెనా అనే రకం ఉంది, అందులో మాంసం ముక్కలు ఉంటాయి. రెండోది ఇంకా ముఖ్యం: చాలామంది ఉపవాసంలో చేపలు తినవచ్చనే భావిస్తారు. హవాసా చేపల ఊరు కాబట్టి ఉపవాస పళ్లెంలోనే చేప ముక్క వచ్చే అవకాశం ఉంది. చేపను అసా అంటారు, అది కూడా వద్దని విడిగా చెప్పాలి. ఈస్టరు తర్వాత 50 రోజులు బుధ, శుక్రవారాల ఉపవాసం కూడా ఉండదు. మీరు ఆ రోజుల్లో దిగితే బెయాయ్‌నెతు కోసం కాస్త వెతుక్కోవాల్సి వస్తుంది, షిరోతో గడపాలి. పొద్దున పూట ఫూల్, అంటే బాకలా అనే చిక్కుడు జాతి గింజల ముద్ద, రొట్టెతో బాగుంటుంది. పాపకు అవకాడో జ్యూసు నచ్చితీరుతుంది.

గడియారం విషయం తెలియకపోతే మొదటి వారమే బస్సు తప్పిపోతుంది. అక్కడ పగటి లెక్క పొద్దున ఆరుకు మొదలవుతుంది, మన పంచాంగంలో సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట, మన మధ్యాహ్నం పన్నెండు వాళ్లకు ఆరు. గది నాలుగింటికి ఖాళీ చేయాలన్నారంటే పొద్దున పదింటికని. బస్సు పదకొండుకని చెబితే తెల్లవారుజామున ఐదుకని. విదేశీయులతో కొందరు మన లెక్కలోనే చెబుతారు, కాబట్టి ప్రతిసారీ ఏ లెక్క అని అడిగి, పొద్దునా సాయంత్రమా అని కూడా నిర్ధారించుకోండి. తేదీలూ అంతే. వాళ్ల కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న (నాలుగేళ్లకోసారి 12న) వస్తుంది, సంవత్సరం మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది, నెలలు 13. హోటల్ రసీదు మీద వాళ్ల తేదీ వేస్తే పక్కన మన తేదీ కూడా రాయించుకోండి. బస ఖర్చు విశ్వవిద్యాలయం తిరిగి ఇచ్చేటట్లయితే లెక్కల విభాగంలో అది పనికొస్తుంది. రసీదు మీద ముద్ర ఉండాలి.

డబ్బు సంగతి. 2024 జులై 29న అక్కడి కరెన్సీ అయిన బిర్ మారకం విలువను మార్కెట్‌కు వదిలేశారు. కొద్దివారాల్లోనే డాలరు విలువ రెట్టింపు దాకా వెళ్లింది. అంతకుముందు రాసిన ధరలు ఏ పుస్తకంలో చదివినా, ఎవరు చెప్పినా లెక్కలోకి తీసుకోకండి. విదేశీయులకు ఒక ధర, స్థానికులకు ఒక ధర ఉండటం అక్కడ బహిరంగమే, దాని మీద కోప్పడి లాభం లేదు. అయితే బేరానికి చోటుంది. రోజుకెంత అని కాకుండా వారానికెంత అని అడగండి, విశ్వవిద్యాలయంలో చేరడానికి వచ్చామని చెప్పి నియామక పత్రం చూపించండి. నివాస గుర్తింపు కార్డు చేతికొచ్చాక చాలాచోట్ల స్థానికుల ధరే ఇస్తారు. చెప్పిన ధరలో 15 శాతం వ్యాట్ కలిసి ఉందా అన్నది ముందే తేల్చుకోండి. ఏ వారానికావారం కట్టండి, మూడు వారాలకూ ఒక్కసారి కట్టవద్దు. చిన్న హోటళ్లు నగదో, ఫోనులోని టెలీబిర్ చెల్లింపో తీసుకుంటాయి, కార్డులు నడవవు. వీధిలో ఎక్కువ ఇస్తామనే వాళ్ల దగ్గర డాలర్లు మార్చడం నేరం, కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు ఆ జోలికి అసలు పోకూడదు.

చప్పుడు గురించి కూడా అడిగారు. హవాసా నడిబొడ్డున సెయింట్ గాబ్రియేల్ చర్చి ఉంది. తెల్లవారకముందే ప్రార్థనలు లౌడ్ స్పీకర్లలో మొదలవుతాయి, ఉపవాస కాలంలో మరీ ఎక్కువసేపు సాగుతాయి. అది వాళ్ల భక్తి, మనమే కాస్త దూరంగా గది చూసుకోవాలి. డిసెంబరు 28, జులై 26 గాబ్రియేల్ పండుగ రోజులు. ఆ ప్రాంతపు సిదామ ప్రజల కొత్త సంవత్సరం ఫిచ్చె చంబలాల్లా కూడా హవాసాలోనే ఘనంగా జరుగుతుంది. 2015లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దాని తేదీ నక్షత్రాలను, చంద్రుణ్ని చూసి పెద్దలు ఏటా నిర్ణయిస్తారు. ఈ పండుగలకు, విశ్వవిద్యాలయం పట్టాలిచ్చే రోజులకు ఊళ్లో గదులు దొరకవు, దొరికినా ధర పెరుగుతుంది. మీ మూడు వారాల్లో అలాంటి రోజేదైనా పడుతుందేమో యజమానురాలిని ముందే అడిగి, ఆ రోజులకూ పాత ధరే అని మాట తీసుకోండి.

హోటల్లో పనిచేసేవాళ్లతో మొదటి రోజే పరిచయం చేసుకోండి. మధ్యాహ్నం పనులయ్యాక ముంగిట్లో పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి కాఫీ గింజలు పెనం మీద వేయిస్తారు. పొగ తేలుతున్న పెనాన్ని అందరి ముక్కు దగ్గరికీ తెచ్చి చూపిస్తారు. పిలిస్తే తప్పకుండా కూర్చోండి. మట్టి కూజాలోంచి మూడు విడతలు పోస్తారు, మొదటిది చిక్కగా, మూడోది పలచగా. మొదటి కప్పు తాగి లేచిపోతే బాగుండదు, వీలైతే మూడూ కానివ్వండి. పాపకు పేలాలు పెడతారు, ముద్దు చేస్తారు. భారతీయులంటే అక్కడి పెద్దవాళ్లకు ప్రత్యేకమైన గౌరవం, హైలె సెలాసీ చక్రవర్తి కాలంలో బడుల్లో వాళ్లకు పాఠాలు చెప్పినవాళ్లలో మనవాళ్లు చాలామంది. మీరు కూడా అధ్యాపకుడని తెలిస్తే ఆ మర్యాద మీకూ దక్కుతుంది. ఇంకో లాభం, ఆ కాఫీ దగ్గరే అద్దె ఇళ్ల కబుర్లు తెలుస్తాయి. ఎవరి ఇంటి పెరట్లో రెండు గదులు ఖాళీ ఉన్నాయో, ఏ దళారి నిజం చెబుతాడో ఆ గదులు ఊడ్చే అమ్మాయిలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బట్టలు ఉతికిపెట్టేదీ వాళ్లే. ఆ డబ్బు కౌంటరులో కాక వాళ్ల చేతికే ఇవ్వండి.

రాత్రి కాపలావాడు గేటు మూసేస్తాడు, ఆలస్యమవుతుందంటే ముందే చెప్పి వెళ్లండి. సొంత తాళం ఒకటి సూట్‌కేసుకు వేసుకోండి. కౌంటరులో పాస్‌పోర్టు అడిగి వివరాలు రాసుకుంటారు. రాసుకున్నాక వెంటనే తిరిగి తీసుకోండి, వాళ్ల దగ్గర ఉంచవద్దు.

బయలుదేరే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఎల్లో ఫీవర్ టీకా. ఇథియోపియా నుంచి తిరిగొచ్చేటప్పుడు టీకా వేసినట్టు ఇచ్చే పసుపు పుస్తకం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజులదాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి అధీకృత కేంద్రాల్లోనే వేయించుకోవాలి. పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది కాబట్టి టికెట్టు కొన్న వెంటనే ముగ్గురూ వేయించుకోండి.

అడిస్ అబాబాలో దిగిన రోజే హవాసాకు పరుగెత్తకండి. అడిస్ సుమారు 2,350 మీటర్ల ఎత్తు, రాత్రి చలి, పాపకు స్వెట్టరు చేతి సంచీలోనే ఉంచండి. ఒక రాత్రి అక్కడ పడుకుని మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కండి. దారి మోజో, జివాయ్, షాషమనె మీదుగా దాదాపు 275 కిలోమీటర్లు. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద ప్రయాణం వద్దు. బయలుదేరే వారం మన రాయబార కార్యాలయం సూచనలు చూసుకోండి, విశ్వవిద్యాలయంలో మీ విభాగాధిపతిని కూడా దారి ఎలా ఉందో అడగండి. దారి బాగాలేదంటే అడిస్ నుంచి హవాసాకు విమానం ఉంది. హవాసా బస్టాండులో దిగాక ఆటో ఎక్కండి. అక్కడ ఆటోను బజాజ్ అనే అంటారు. హోటల్ పేరు, పక్కనున్న గుర్తు రెండూ అమ్హారిక్ లిపిలో కాగితం మీద రాయించుకుని డ్రైవరుకు చూపించండి. వీధి పేర్లు, ఇంటి నంబర్లు చెబితే అక్కడ ఎవరికీ తెలియవు.